పనిమంతులపైనే పై అధికారి కన్నెర్ర

పై అధికారి కసురుకున్నాడంటే కింది ఉద్యోగి పనిలో ఏదో లోపం ఉండే ఉంటుందని అనుకోవడం కార్యాలయాల్లో పాతుకుపోయిన అలవాటు. కానీ కొన్ని వేధింపులు పని బాగా చేసినందుకే మొదలవుతాయి. సమీక్షా సమావేశంలో సంస్థ పెద్ద, మేనేజర్‌ను పక్కనబెట్టి, నివేదిక తయారుచేసిన ఉద్యోగినే నేరుగా ప్రశ్నించి, జవాబు విని మెచ్చుకుంటారు. ఆ తర్వాత ముఖ్యమైన మెయిళ్లలో ఆ ఉద్యోగి పేరు ఉండదు, చిన్న పొరపాటు దొరికితే చాలు, "ఇంత తెలివైనవాళ్లకు ఇది కూడా మేమే చెప్పాలా?" అనే మాట అందరి ముందూ పడుతుంది.

ఇలాంటి ప్రవర్తనను 2000లో నిర్వచించిన నిర్వహణశాస్త్ర పరిశోధకుడు బెనెట్ టెప్పర్, అది కొనసాగుతూ ఉండే శత్రుభావ ప్రదర్శన అని, శారీరక దాడి అందులోకి రాదని స్పష్టం చేశారు. ఎత్తిపొడుపులు, ముఖం చాటేయడం, ఒకరి శ్రమను తన ఖాతాలో వేసుకోవడం విడివిడిగా చూస్తే ఫిర్యాదుకు నిలిచేంత పెద్దవిగా కనిపించవు. అధికారికి కలిసొచ్చేది అదే.

అసూయ కింది నుంచి పైకే పోతుందన్నది మన సాధారణ ఊహ. సహ పరిశోధకులు లింగ్‌టావో యు, మిషెల్ డఫీలతో కలిసి టెప్పర్ 2018లో ప్రచురించిన అధ్యయనం దాన్ని తిరగేసి చూసింది. కింది ఉద్యోగిపై కలిగిన అసూయ అధికారి ఆత్మగౌరవానికి ముప్పుగా మారినప్పుడు, ఆ ఉద్యోగి సమర్థుడే అయినా కలుపుగోలుతనం లేనివాడిగా తోస్తే అది వేధింపుకు దారితీస్తుందని, సమర్థతతో పాటు స్నేహశీలిగా తోస్తే అధికారి తనను తాను మెరుగుపరచుకునే ప్రయత్నంలో పడతారని అది చెప్పింది. దీన్ని పట్టుకుని బాధితులకు నవ్వుతూ మసలుకోమని సలహా ఇచ్చేవారుంటారు. నా దృష్టిలో అది అన్యాయం. ఎదుటివారి ముఖకవళికలను బట్టి అధికారం గాడి తప్పుతుంటే, సరిదిద్దుకోవాల్సింది అధికారం చేతిలో ఉన్నవారే.

ప్రతి మందలింపూ అసూయ కాదు. గడువు తప్పినవారిని గట్టిగా అడగడం అధికారి బాధ్యత. ఈ తేడాను మనస్తత్వ విశ్లేషణ లేకుండానే కనిపెట్టవచ్చు. ఏళ్ల తరబడి మంచి రేటింగ్ తెచ్చుకున్న ఉద్యోగికి ఒకే అధికారి కింద, ప్రశంస అందుకున్న కొద్దికాలానికే అది ఎందుకు పడిపోయింది, ఆ విభాగం వదిలి వెళ్లిపోతున్నవారిలో పనిమంతులే ఎందుకు ఎక్కువగా ఉన్నారు అన్న ప్రశ్నలకు ఆధారాలు మానవ వనరుల విభాగం దగ్గరే ఉంటాయి. కానీ రేటింగ్ వేసే కలం ఆ అధికారి ఒక్కరి చేతిలోనే ఉన్నంతకాలం, ఫిర్యాదు చేసిన ఉద్యోగి ఫైలులో 'పనితీరు సంతృప్తికరంగా లేదు' అన్న వాక్యమే ముందుగా చేరుతుంది.