హోల్‌స్టెన్‌టోర్ గారికి, మీ ఫోటో ఒకటి పాడుచేసినవాడు రాయునది

అయ్యా హోల్‌స్టెన్‌టోర్ గారూ,

మొన్న శనివారం జర్మనీలోని హాంబుర్గ్‌లో రైలెక్కి, ముప్పావు గంటలో ల్యూబెక్‌లో దిగి, నడుచుకుంటూ వచ్చి, ఆ ఊరి పాత కోట ద్వారమైన మీ ముందు ఫోటో దిగిన వందలమందిలో మేమూ ఉన్నాం. ఎర్ర శాలువా కప్పుకున్న పెద్దావిడ మా అత్తగారు, గుంటూరు నుంచి వచ్చారు. మిమ్మల్ని చూడగానే ఆవిడ అన్న మొదటి మాట, "ఇదేంటి బాబూ, పునాది సరిగ్గా వెయ్యలేదా?"

నేను ముందురోజు రాత్రే చదువుకొచ్చాను కాబట్టి అందుకున్నాను. 1464లో మొదలుపెట్టి 1478కి కట్టారండీ, కింద చిత్తడి నేల, కడుతుండగానే ఒక బురుజు కుంగడం మొదలైందట అని. అత్తగారు అంతా విని, "మా వీధి చివర బిల్డింగూ ఇలాగే ఒరిగితే కార్పొరేషన్ వాళ్లు నోటీసు అంటించారు, వీళ్లు టికెట్ పెట్టారు" అన్నారు. మీకు కోపం రాకూడదు.

మీ లెక్క నాకు పూర్తిగా అర్థం కాలేదు లెండి. బయటివైపు గోడ మూడున్నర మీటర్ల మందం, ఊరివైపు మీటరు కూడా లేదు. పైన మాత్రం లాటిన్‌లో బంగారు అక్షరాలు, ఇంట ఐకమత్యం, బయట శాంతి అని. ఇంట గెలిచి రచ్చ గెలవమని మావాళ్లు కనీసం ఉన్నమాట చెప్పారు. ఆ ఐకమత్యం ఎంతటిదంటే, మిమ్మల్ని కూల్చేసి ఆ జాగా రైళ్లకి ఇచ్చేద్దామని ఊరివాళ్లే అర్జీ పెట్టారు, చివరికి 1863లో ఒకే ఒక్క ఓటు తేడాతో బతికి బయటపడ్డారు. ఆ రోజు ఒక్కాయనకి జలుబు చేసి ఇంట్లో పడుకుని ఉంటే ఏమయ్యేదో! అదే ఊరు తర్వాత మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంది, దేశమైతే యూరోకి ముందు నడిచిన 50 మార్కుల నోటు మీదకి, 2006లో 2 యూరోల నాణెం మీదకి ఎక్కించింది.

ఇక అసలు ఫిర్యాదు. బయటివాళ్లని ఊళ్లోకి రానివ్వకుండా ఆపడమే కదా మీ ఉద్యోగం, అది మీరు ఇప్పుడు చేస్తున్నంత బాగా హాన్సా అనే పాతకాలపు ఉత్తర యూరప్ వర్తక కూటమి కాలంలో కూడా చేసి ఉండరు. జనం మీదాకా వచ్చి, ఒక చెయ్యి మీకు ఆనించినట్టు పోజిచ్చి, పక్కనే ఉన్న ఉప్పు గిడ్డంగుల్ని చూడకుండానే (ల్యూనెబుర్గ్ ఉప్పు ఇక్కణ్ణుంచే ఉత్తరాదిలో హెర్రింగ్ చేపల్ని ఊరబెట్టడానికి వెళ్లి, ఈ ఊరిని కోటీశ్వరుల ఊరు చేసింది) మార్జిపాన్ అనే బాదం మిఠాయి డబ్బా కొనుక్కుని వెనక్కి తిరుగుతున్నారు. 1407 కరువులో పిండి అయిపోతే మిగిలిన బాదంపప్పుతో రొట్టె చేశారని దాని కథ. కరువులో బాదం! మా అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, "నెయ్యి మర్చిపోయిన బాదం బర్ఫీ" అని తేల్చేశారు.

మేం ఊరి లోపలికి వెళ్లింది కూడా మీ చలవ కాదు, బాత్‌రూమ్ వెతుక్కుంటూ వెళ్లాం. అలా తిరుగుతూ సెయింట్ మేరీ చర్చిలోకి అడుగుపెడితే, ఒక మూల నేలలో దిగబడిపోయి రెండు పెద్ద గంటలు ముక్కలై కనిపించాయి. 1942 మార్చిలో బాంబులు పడ్డ రాత్రి పైనుంచి పడ్డవి, ఎక్కడ పడ్డాయో అక్కడే ఉంచేశారు. అత్తగారు చెప్పులు విప్పబోయి, అందరి కాళ్లకీ బూట్లుండటం చూసి ఆగిపోయి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ చర్చిలోనే అప్పటి పేరున్న సంగీతకారుడు బుక్స్‌టెహూడె ఆర్గన్ వాయిస్తుంటే వినడానికి 1705లో ఇరవయ్యేళ్ల బాఖ్ (తర్వాత మహా సంగీతకర్త అయిన ఆయనే) తను ఉద్యోగం చేసే ఆర్న్‌స్టాట్ నుంచి నాలుగు వారాల సెలవు పెట్టి వచ్చాడు, దాదాపు 400 కిలోమీటర్లు, అదీ నడిచి వచ్చాడంటారు. వచ్చినవాడు తిరిగి వెళ్లేసరికి దగ్గర దగ్గర నాలుగు నెలలైంది, పై అధికారులు నిలదీశారు. నేనేమో 4.08 రైలు పోతుందని టెన్షన్ పడుతూ మావాళ్లని గంటల దగ్గర్నుంచి లాక్కొచ్చాను. ఆ రైలు నలభై నిమిషాలు లేటు.

ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. వంకరగా ఉందని ఫోన్ తనంతట తనే సరిచేసిందేమో, మీరు నిటారుగా వచ్చారు, మా అత్తగారు ఒరిగారు. గుంటూరు నుంచి మావయ్యగారు వెంటనే రాశారు: "గేటు బాగుంది. మీ అత్తయ్యకి నడుం నొప్పి మళ్లీ వచ్చిందా?"

ఇట్లు,
మీ నీడలో పదకొండు నిమిషాలు నిలబడినవాడు