కోళ్లు, మంచాలు, ఒక లోగో

పరాయి దేశంలో పిల్లల ఆశ్రమం పెట్టాలంటే ముందు పిల్లలు కావాలని కొందరు అమాయకులు అనుకుంటారు. ముందు కావలసింది లోగో. రెండు చేతులు, మధ్యలో మొక్క, పైన సూర్యుడు. ఆ సూర్యుడికి కిరణాలు ఏడా, తొమ్మిదా అన్నది తేల్చడానికి మా కమిటీకి మూడు మీటింగులు పట్టాయి. ‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని వెనక నుంచి ఒకాయన గొణిగాడు. ఆయన్ని వెంటనే గౌరవ సలహాదారుగా పైకి పంపేశాం.

తర్వాత స్థానిక భాగస్వామి. భాష రాని చోట ఈయనే మనకు కళ్లూ చెవులూ, కొన్నాళ్లకు సంతకమూ. మంచి భాగస్వామిని గుర్తుపట్టడం తేలిక, ఏమడిగినా అవునంటాడు. స్థలం ఉందా? ఉంది. అనుమతులు? వచ్చేశాయి. అనాథలు? ‘ఎంతమంది కావాలి?’ ఈ చివరి జవాబు విని మా కోశాధికారి ఒక్కడే తలెత్తి చూశాడు. విదేశీయుల పేరిట కుదరదన్నారని స్థలం భాగస్వామి పేరిట రాయించాం. కట్టిన మేస్త్రీ ఆయన బావమరిది, లెక్కలు చూసేది ఆయన భార్య. ఇంతకంటే స్థానికంగా ఉండటం ఎవరి తరమూ కాదు.

ఇక స్వయం సమృద్ధి. ప్రాజెక్టు రిపోర్టులో 500 కోళ్లు పెట్టాం. కాగితం మీద కోడి ఎంతో బుద్ధిమంతురాలు. రోజుకో గుడ్డు పెడుతుంది, దాణా పెద్దగా తినదు, తెగులు సోకదు, ముసలిదవదు. మూడో ఏటికి ఆ గుడ్ల మీదే జీతాలు, కరెంటు బిల్లు, స్కూలు ఫీజులు గడిచిపోవాలి. వానాకాలం తెగులు తర్వాత మిగిలినవి 40. బడి నుంచి రాగానే పిల్లలు పుస్తకాల సంచి గోడకు తగిలించి, గంపలో వాటి రెట్ట ఎత్తేవాళ్లు. దాన్ని ‘వృత్తి నైపుణ్య శిక్షణ’ అని రాశాం.

రెండు వారాల సేవకు వచ్చే వాలంటీర్లూ ఉన్నారు. ఒక బ్యాచి గోడకు నీలం రంగు వేస్తే, తర్వాతి బ్యాచి అదే గోడకు పసుపు. ఒక్కో బ్యాచి విమానం ఎక్కినప్పుడల్లా పిల్లలు ఏడ్చేవాళ్లు. నాలుగో బ్యాచికి ఏడుపు మానేశారు. ‘మానసిక పరిణతి’ అని రాశాం. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో 136 మంది ఆశ్రమ పిల్లలతో ఒక పరిశోధన మొదలైంది. పెంపుడు కుటుంబాలకు వెళ్లినవాళ్ల ఎదుగుదల, తెలివితేటలు ఆశ్రమాల్లో పెరిగినవాళ్ల కంటే మెరుగ్గా ఉన్నాయని అందులో తేలింది. అలాంటి పరిశోధకులను లోపలికి రానిస్తే మన గోడ రంగు ఎవరు చూస్తారు?

కాంబోడియాలో 2005 నుంచి 2010 దాకా అనాథాశ్రమాలు 75 శాతం పెరిగాయి. వాటిలోని పిల్లల్లో దాదాపు నలుగురికి ముగ్గురి అమ్మో నాన్నో బతికే ఉన్నారు. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను కన్నవాళ్ల నుంచి వేరు చేయకూడదని ఐక్యరాజ్యసమితి 2009లోనే మార్గదర్శకాలు ఆమోదించింది. ఆ సంగతి మా చెవిన పడేసరికి ప్రారంభోత్సవానికి రిబ్బను కొనేశాం.

మా బ్రోషరు అట్ట మీది ఏడేళ్ల అనాథ కోసం ప్రతి ఆదివారం వాళ్లమ్మ వచ్చేది. దాతలు వచ్చిన ఆదివారం ఆవిడను కోళ్ల షెడ్డు వెనక కూర్చోబెట్టారు. వాడు స్వాగత గీతం పాడుతూ అటే చూస్తున్నాడు. ‘ఎన్ని కలలో ఆ కళ్లలో!’ అని ఒక దాత కళ్లొత్తుకుంది. వాణ్ని వాళ్లమ్మ స్కూలు ఫీజు కట్టలేక వదిలి వెళ్లిందట. ఆ ఫీజేదో ఆ తల్లి చేతిలో పెడితే పోయేది కదా అన్నాడు కోశాధికారి. పోయేదే. కానీ లోగో ఎక్కడ తగిలిస్తాం?

ఏడాది చివర తనిఖీకి వెళితే మంచాలు 40, పిల్లలు 22. దాతలు వచ్చే వారమే మళ్లీ వస్తున్నారని భాగస్వామికి గుర్తుచేశాం.

‘టెన్షన్ పడకండి సార్, సోమవారానికల్లా మిగతా పద్దెనిమిదీ సర్దేస్తాను’ అన్నాడు.