ఏడాది బ్యాండు, ఎడతెగని తద్దినం

పాత పాటలను కొత్త అట్టపెట్టెల్లో సర్ది అమ్మే రికార్డు వ్యాపారులు ఒక పరమ పవిత్రమైన ఆచారాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. సంగీత బృందం ప్రాణాలతో ఉన్నంతకాలం దానికి లెక్కల పుస్తకం చూపించాలి. అది కాస్తా పోయాక తద్దినం పెట్టాలి. ఏటా పెట్టినా ఎవరూ కాదనరు.

ఫోదరింగే అనే ఇంగ్లిషు ఫోక్ రాక్ బృందం (జానపద బాణీని రాక్ సంగీతంతో కలిపేవారు) సంగతే చూడండి. 1970 ఆరంభంలో పుట్టింది. 1971 జనవరిలో విడిపోయింది. ఆ ఏడాది కాపురంలో వెలువడింది ఒకే ఒక్క ఆల్బము. దాన్నీ, దాని చుట్టూ రాలిన ప్రతి ముక్కనూ ఏరి 2015లో మూడు సీడీలు, ఒక డీవీడీగా పెట్టెకెత్తారు. ఈ బృందం ఊసు వచ్చినప్పుడల్లా వినిపించే పాట ఒకటుంది: ఆయుష్షు తక్కువ కాబట్టే ఆ సంగీతానికి అంత అందమట! ఈ సిద్ధాంతం నాకెంత నచ్చిందంటే, దాన్ని ప్రచారం చేసేవారి జీతాలకు కూడా వర్తింపజేయాలని కోరుకుంటున్నాను. ఒక నెల ఇచ్చి ఆపేస్తే సరి, అందం కోసం.

ఈ బృందాన్ని పెట్టిన శాండీ డెనీ 1969 చివర్లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే మరో బృందం నుంచి బయటికి వచ్చేసరికే పేరున్న గాయని. మరొకరైతే తన పేరే పెద్దక్షరాల్లో వేయించుకుని, వెనక వాయించేవాళ్లకు రోజుకూలీ ఇచ్చి పంపేవారు. ఈమె అలా చేయలేదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ట్రెవర్ లూకస్, డ్రమ్ములకు గెర్రీ కాన్వే, గిటారుకు అమెరికన్ జెర్రీ డోనహ్యూ, బాస్‌కు పాట్ డోనల్డ్‌సన్. అందరం సమానం అంది. వ్యాపారంలో ఇంతకు మించిన నేరం లేదు. పైగా బృందానికి తన పాట పేరే పెట్టింది. స్కాట్లండు రాణి మేరీని బంధించి 1587లో తల నరికిన కోట పేరది. శకునాలను నమ్మేవారు అక్కడే లేచి వెళ్లిపోయి ఉండాలి.

ఇక నాకు అత్యంత ఇష్టమైన ఘట్టం. 1970 అక్టోబరు 2, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలు. దానికి ముందు జరిగిన సన్నాహక సమావేశాన్ని ఊహించుకోవడం నాకు నిత్య వినోదం. పెద్దలంతా బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. ‘మనవి నిదానమైన పాటలు. సముద్రం, చలిగాలి, ఏటి ఒడ్డు. జనం ముందే కుదుటపడాలి. మనకంటే ముందు వేదిక ఎక్కించడానికి ఎవరైనా నెమ్మదస్తుడు ఉన్నాడా?’ అని ఒకరు అడుగుతారు. ‘ఎందుకు లేడు, పియానో వాయించే కుర్రాడొకడు ఉన్నాడు. మొన్నటిదాకా మన పాటలకు నమూనా రికార్డింగులు పాడిపెట్టాడు. ఎల్టన్ జాన్ అంటారు’ అని ఇంకొకరు. ‘ఆహా, వినయంగా ఉంటాడా?’ ‘కళ్లజోడు కూడా పెట్టుకుంటాడండీ.’ అందరూ సంతృప్తిగా తలలూపుతారు. ఆ కళ్లజోడు కుర్రాడు ఆగస్టులోనే లాస్ ఏంజెలస్‌లో ట్రుబడోర్ క్లబ్బును ఊపి వదిలిపెట్టాడన్న కబురు మాత్రం ఆ బల్ల దగ్గరికి చేరదు.

తర్వాత జరిగింది లోకానికి తెలుసు. నెమ్మదస్తుడు వేదిక ఎక్కాడు. దిగేసరికి హాలంతా అతనిదే. ఆ తర్వాత మన బృందం వచ్చి, ఎగిరెగిరి అలసిపోయిన ప్రేక్షకుల ముందు సముద్రం గురించి పాడాలి. ఇక వారి దగ్గరున్న స్పీకర్ల పెట్టెల సంగతి. అవి ఎంత పెద్దవంటే, ఇంగ్లండులోని ప్రాచీన బండరాళ్ల కట్టడం మీదుగా వాటికి స్టోన్‌హెంజ్ అని పేరుపడింది. ఊపిరి తీసుకునే చప్పుడు కూడా పాటలో భాగంగా వినిపించే గొంతుకు బండరాళ్ల పహారా అన్నమాట. వాటి ఖర్చు ఏ పద్దు కింద రాశారో గాని, విడిపోవడానికి కారణాలు చెప్పేటప్పుడు మాత్రం ‘బృందం ఖర్చు భరించలేనిది’ అన్న వాక్యం అందరికీ కంఠస్థమే.

భరించలేనంత దారుణంగా ఏం జరిగిందో చూద్దాం. ఆల్బము బ్రిటన్ అమ్మకాల పట్టికలో 18వ స్థానం దాకా వెళ్లింది. ఆ ఏడాదే మెలొడీ మేకర్ పత్రిక పాఠకులు శాండీని ఉత్తమ బ్రిటిష్ గాయనిగా ఎన్నుకున్నారు. మరుసటి ఏడాదీ ఎన్నుకున్నారు. అయినా నిర్మాత జో బాయ్డ్‌కు మొదటి నుంచీ ఒకటే పాట: ఆమె ఒంటరిగా పాడాలి. ఆయనకు కాలిఫోర్నియాలో వార్నర్ బ్రదర్స్ ఉద్యోగం పిలుస్తోంది. నువ్వు ఒంటరిగా పాడితే నేను ఉండిపోయేవాడినేమో అన్న ధోరణిలో ఒక మాట జారిందని, దాన్ని నమ్మి ఆమె బృందాన్ని చెదరగొట్టిందని, తీరా చూస్తే ఆయన అప్పటికే అమెరికాకు మాట ఇచ్చేశాడని చెబుతారు. రెండో ఆల్బము సగంలో ఉంది. టేపులు అటకెక్కాయి. నిర్మాత విమానమెక్కాడు.

దీన్నా మీరు అల్పాయుష్షు అంటున్నది? తానుగా రాలిన పువ్వును చూసి కవిత్వం రాసుకోండి, ఎవరూ అడ్డురారు. ఇది రాలలేదు, తుంచారు. ఇష్టమైన నలుగురి మధ్య నిలబడి పాడితే హాయిగా ఉందని ఒక మనిషి స్పష్టంగా చెబుతుంటే, ఆ హాయిని దుబారా ఖర్చుల కింద కొట్టేశారు. ఒంటరిగా పాడమన్నారు, పాడింది. బతికుండగా ఆమె సోలో ఆల్బములు నాలుగే నాలుగు. 1977లో వచ్చిన నాలుగోదాన్ని కొన్నవారు లేరు. 1978 ఏప్రిల్ 21న, మెట్ల మీద నుంచి పడిన దెబ్బతో ఆమె చనిపోయింది. వయసు 31. పసిబిడ్డ తల్లి. అప్పుడు ఒంటరిగా వదిలేసిన ఆ గొంతుకు 2010లో ఎన్ని డిస్కుల పెట్టె చేశారో తెలుసా? పందొమ్మిది! పక్కగదిలో దగ్గినది కూడా దొరికితే ఇరవయ్యో డిస్కు వేసేవారు. సిగ్గులేదా అని అడగాలనిపిస్తుంది. అడిగితే దాన్ని కూడా రికార్డు చేసి అదనపు ట్రాకుగా కలుపుతారన్న భయంతో ఊరుకున్నాను.

మిగిలిన ముగ్గురు మిత్రుల్ని మాత్రం ఏమీ అనలేను. అటకెక్కిన ఆ టేపుల్ని దించి, అసంపూర్ణంగా ఉన్నచోట పూరించి, 2008లో రెండో ఆల్బమును బయటికి తెచ్చారు. అప్పటికి శాండీ పోయి ముప్పై ఏళ్లు. లూకస్ 1989లోనే పోయాడు. ఆ ముగ్గురూ చేసింది తద్దినం కాదు, బాకీ తీర్చడం. ఆ బాకీ నిజానికి వారిది కాదు.

ఇంతకీ ఆ బృందం ఏమిటో తెలుసుకోవడానికి ఏ పెట్టే అక్కరలేదు. మొదటి ఆల్బములో చివరి పాట, ‘బ్యాంక్స్ ఆఫ్ ద నైల్’, వినండి చాలు. ఈజిప్టు యుద్ధానికి ఓడెక్కుతున్న ప్రియుడితో ఒక పిల్ల అంటుంది: జడ కత్తిరించుకుంటాను, మగవేషం కట్టి నీ వెంటే వస్తాను. పాతకాలపు జానపద గేయం. దాన్ని ఆమె బతిమాలుతున్నట్టు పాడదు, ఏడుస్తున్నట్టూ పాడదు. ఒప్పుకోరని ముందే తెలిసినా అడగక తప్పని మనిషిలా పాడుతుంది. నలుగురూ ఆమెకు ఒక్క అడుగు వెనకే ఉంటారు, ఎక్కడా ముందుకు తోసుకురారు. ఎనిమిది నిమిషాల పాట. 1970 జూన్ నుంచీ మామూలు ధరకే దొరికేది.