వేరే సెక్షన్ పెడితే చదువు రాదు
చదువులో వెనకబడిన పిల్లల్ని ఒకటో తరగతి నుంచే వేరే సెక్షన్‌లో కూర్చోబెడితే త్వరగా అందుకుంటారని వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. అసలు ఎందుకు వెనకబడ్డారో ముందు చూడాలి కదా. చిత్తూరు సరిహద్దులో, మా నగరి వైపు చాలా ఇళ్లలో మాట్లాడేది తమిళం, బడిలోనేమో తెలుగు, ఇంగ్లిషు. మా చెల్లెలి కొడుకు రెండో తరగతిలో ‘గంప’ రాయమంటే ‘కంప’ అని రాసేవాడు. మొద్దు అనేశారు. తమిళంలో క, గ రెండింటికీ అక్షరం ఒక్కటే, ఇంట్లో ఆ తేడా పట్టించుకోవాల్సిన అవసరం వాడికి ఎప్పుడూ రాలేదు. తర్వాత వచ్చిన టీచరమ్మకు తమిళం తెలుసు. బోర్డు మీద ఒక పక్క ముళ్లకంప, ఇంకో పక్క గంప బొమ్మ గీసి, తను పలికిన దాని మీద వాడిని చెయ్యి పెట్టమనేది. చూస్తుండగానే క్లాసంతా ఆ ఆటలో చేరిపోయింది. వాడు ఇప్పుడు తెలుగు పాఠం గడగడా చదువుతాడు, అదీ అందరి మధ్య కూర్చునే. మూడో తరగతికల్లా ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలని 2021లో నిపుణ్ భారత్ అనే కేంద్ర పథకం పెట్టారు, మంచిదే. కానీ ఒక్క టీచరే ఐదు తరగతులూ చూసుకునే బడిలో ఒక్కో బిడ్డనూ ఇలా గమనించే తీరిక ఎక్కడిది? 2009 విద్యాహక్కు చట్టం అరవై మంది లోపున్న ప్రాథమిక బడికీ ఇద్దరు టీచర్లు ఉండాలంటోంది. ముందు అది అమలు చేయండి. సరిహద్దు మండలాల్లో తమిళం తెలిసినవాళ్లను వేయండి.