వర్ధంతి జనవరిలో, ఫీజు జూన్‌లో

చిత్తూరులో కీర్తిశేషులైన ఒక అయ్యవారి పేరిట ఏటా పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తారు. ఆయన వర్ధంతి జనవరిలో వస్తుంది కాబట్టి సభ కూడా జనవరిలోనే. పటానికి పూలదండ, అరడజను ప్రసంగాలు, చివర్లో చెక్కులు. కిందటిసారి నా పక్కన కూర్చున్న ఒక తండ్రి, కూతురి చేతిలోని ఐదు వేల చెక్కును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది జూన్‌లో వచ్చి ఉంటే వడ్డీకి తెచ్చే పని తప్పేది సార్" అన్నాడు. ఫిర్యాదు కాదు, మామూలుగానే అన్నాడు.

ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తోంది కదా అనేవారున్నారు. ఇస్తోంది, అదీ ఆలస్యంగా. ఈలోగా పుస్తకాలు, బస్ పాస్, హాస్టల్ అడ్వాన్సు ఎవరు కట్టాలి? పల్లె నుంచి తిరుపతికి చదువుకు వచ్చే పిల్ల తడబడేది మొదటి నెలలోనే.

కట్టమంచి రామలింగారెడ్డి 1880లో పుట్టింది చిత్తూరును ఆనుకున్న కట్టమంచిలోనే. ప్రభుత్వ స్కాలర్‌షిప్ దక్కబట్టే కేంబ్రిడ్జికి వెళ్లగలిగారు, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1931లో ఆ కుర్చీలోకి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ చిన్నప్పుడు తిరుపతి మిషన్ బడిలో చదివారు. ఆయన చదువూ స్కాలర్‌షిప్పుల మీదే సాగింది. ఓడ ఎక్కడానికి కావలసిన డబ్బు, పట్టా పుచ్చుకుని తిరిగొచ్చాక అందితే ఎవరికి పనికొస్తుంది?

ఇంకో చిక్కు అసలు సొమ్ముది. బ్యాంకులో లక్ష వేస్తే పన్నెండు శాతం వడ్డీ వచ్చిన రోజుల్లో ఏడాదికి పన్నెండు వేలు చేతికందేవి. ఆరున్నర శాతానికి అదే లక్ష ఆరున్నర వేలే ఇస్తుంది. నిధికి ఎప్పటికప్పుడు కొత్తగా కలపకపోతే అయ్యవారి పేరు మిగులుతుంది, సాయం కరిగిపోతుంది.

ఎంపిక సంగతి సరేసరి. మొదటి ర్యాంకు పిల్లను కార్పొరేట్ కాలేజీలే వెతుక్కుంటూ వచ్చి ఉచితంగా చేర్చుకుంటాయి. అరవై శాతంతో గట్టెక్కి, తండ్రి కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంటి పిల్లవాడి గడప ఎవరూ తొక్కరు.

సభ వద్దనడం లేదు. సభ లేకపోతే దాతలు ముందుకు రారన్నది నిజమే. (శాలువాల ఖర్చు లెక్కగడితే ఇంకొక పిల్లకు బస్ పాస్ వచ్చేదేమో, అది వేరే మాట.) దండ జనవరిలోనే వేయండి. డబ్బు మాత్రం పది ఫలితాలు రాగానే ప్రధానోపాధ్యాయుల సిఫారసు తీసుకుని, కాలేజీలో చేరే గడువుకు వారం ముందే తల్లి ఖాతాలో వేయండి. ఆ అయ్యవారు బతికుండగా చేసిందీ అదేనని ఆ సభలోనే ఒక పాత విద్యార్థి చెప్పాడు: పరీక్ష ఫీజుకు ఆఖరి రోజు సాయంత్రం దాకా చూసి, కట్టని పిల్లల పేర్లు అడిగి, తన జేబులోంచి తీసి అటెండరు చేత కట్టించేవారట.