చెయ్యి ఇచ్చి చేతులు దులుపుకుంటే ఎలా?

మా పక్క ఊళ్లో ఒకతను గడ్డి కత్తిరించే మిషన్‌లో పడి కుడి చెయ్యి మోచేతి కింద నుంచి పోగొట్టుకున్నాడు. ఉచిత క్యాంపులో ఇచ్చిన కృత్రిమ చెయ్యి ఇప్పుడు అతని ఇంట్లో చొక్కాల కొక్కేనికి వేలాడుతోంది. పెళ్లిళ్లకు తొడుక్కుని వెళ్తాడు గానీ పంక్తిలో కూర్చోడు. గుండీలు భార్యే పెట్టాలి.

తప్పు అతనిది కాదు, కాలుకూ చేతికీ ఒకే పద్ధతి అనుకునే మన క్యాంపులది.

కాలు విషయంలో మనం గర్వపడొచ్చు. 1968లో పుట్టిన జైపూర్ ఫుట్ అనే కృత్రిమ పాదం లక్షల మందిని నడిపించింది. కానీ చెయ్యి వేరు. పట్టుకోవాలి, వదలాలి, ప్లాస్టిక్ గ్లాసు నలగకుండా ఎత్తాలి. భుజానికి పట్టీ కట్టి, వేళ్ల బదులు ఉండే కొక్కేన్ని తీగతో తెరిచే రకమైతే, భుజం ఎంత జరిపితే ఎంత తెరుచుకుంటుందో ఒంటికి పట్టాలి. మయోఎలక్ట్రిక్ చెయ్యి అయితే కండరాల్లో పుట్టే సన్నని విద్యుత్ సంకేతాలతో పనిచేస్తుంది. ఏ కండరాన్ని ఎప్పుడు బిగించాలో రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గర కూర్చుని సాధన చేయాల్సిందే. పైగా మన ఎండలకు, తెగిన చేతికి తొడిగే గిన్నెలాంటి సాకెట్ లోపల చెమట. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలల్లో తెగగా మిగిలిన చేతి భాగం సన్నబడి సాకెట్ వదులైపోతుంది, మళ్లీ కొలతలు తీయాలి. ఇదంతా ఆలస్యమైతే ఒంటి చేత్తో బతకడం అలవాటైపోతుంది, ఆ తర్వాత ఎంత ఖరీదైనది ఇచ్చినా వాడరు.

కాళ్లు పోయినవారే ఎక్కువ, చేతుల నిపుణులు తక్కువ, అందుకని ఏదో ఒకటి ఇవ్వడమే మేలు అంటారు కొందరు. మొదటి రెండూ నిజమే. సంఖ్య తక్కువ కాబట్టే నాలుగైదు జిల్లాలకు ఒక శాశ్వత కేంద్రం పెట్టి, వచ్చేవాళ్లకు బస్సు చార్జీ, ఆ రోజు కూలి ఇస్తే సరిపోతుంది.

అసలు మన లెక్కలే అలాంటివి. పనిలో గాయపడిన కార్మికుల కోసం చేసిన 1923 నాటి పరిహార చట్టంలో, మణికట్టు దగ్గర ఒక చెయ్యి పోతే సంపాదన శక్తి 60 శాతం పోయినట్టు రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6000 రూపాయలు. అవసరమే, కాదనను. కానీ పోయినదానికి వెల కట్టినంత శ్రద్ధగా, మనిషిని మళ్లీ పనిలోకి తేవడానికి ఖర్చు కట్టడం లేదు. దివ్యాంగులకు ఉపకరణాలిచ్చేందుకు 1981 నుంచి నడుస్తున్న కేంద్ర ఏడీఐపీ పథకంలో చెయ్యి ఇచ్చిన ఆరు నెలలకు ఒకరు ఇంటికి వెళ్లి, వాడుతున్నావా అని అడగాలి.

మా పక్క ఊరతను క్యాంపులో కొక్కెం రకమే అడిగాడట. చూడ్డానికి బాగుండదని చర్మం రంగు చెయ్యి ఇచ్చి పంపారు. అతను పొద్దున్నే పాలక్యాన్లు మోయాలి.