ప్రమాదకర పదార్థాలు: లెక్క తప్పుతున్నది ఎక్కడ?

ఎలక్ట్రానిక్ బోర్డులకు భాగాలను అతికించే వేవ్ సోల్డరింగ్ కుండలో 400 కిలోల సీసరహిత టంకం (అతికించే లోహ మిశ్రమం) కరిగి ఉందనుకుందాం. 37 శాతం సీసం ఉన్న పాతరకం కిలో కడ్డీ ఒక్కటి పొరపాటున అందులో పడితే చేరే సీసం 370 గ్రాములు, అంటే సుమారు 0.09 శాతం. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో ప్రమాదకర పదార్థాలను కట్టడి చేసే ఐరోపా సమాఖ్య ఆర్‌ఓహెచ్‌ఎస్ నిబంధన అనుమతించేది 0.1 శాతమే. కొత్త టంకంలోనూ మలినంగా కొంత సీసం ఉంటుంది కనుక ఆ ఒక్క కడ్డీతోనే గీత దాటిపోవచ్చు. అప్పుడు కుండలోని టంకాన్ని తీసేసి కొత్తది నింపుకోవాల్సిందే.

బోర్డు మొత్తం బరువుతో పోలిస్తే ఆ సీసం ఎంతనే వాదన ఇక్కడ చెల్లదు. 2006 జులై 1న మొదలైన ఈ పరిమితులు విడదీయడానికి వీల్లేని ప్రతి ఏకరూప పదార్థానికీ విడివిడిగా వర్తిస్తాయి. తీగలో రాగి వేరు, పైతొడుగు వేరు. కాడ్మియానికైతే పరిమితి ఇంకా కఠినం: 0.01 శాతం.

తనిఖీలో ఎక్స్‌-రే కిరణాలతో మూలకాలను గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రాన్ని అతిగా నమ్మడం నాకు ఆందోళన కలిగించే విషయం. అది మూలకాలను చూస్తుంది, సమ్మేళనాలను గుర్తించలేదు. స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం దండిగా చూపిస్తుంది, కానీ అది లోహరూపం, నిషేధం లేనిది. జింకు పూత వేసిన స్క్రూ మీది పసుపు క్రోమేట్ పొరలో చూపే కొద్దిపాటి క్రోమియమే పరిమితి ఉన్న విషరూపం, అంటే హెక్సావాలెంట్ కావచ్చు. దాన్ని రసాయన పరీక్షతోనే తేల్చాలి. 2019 జులై 22 నుంచి పరిమితిలోకి వచ్చిన నాలుగు థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) ఈ యంత్రానికి అసలే కనిపించవు. పైగా అవి మెత్తని పీవీసీ నుంచి తగిలి ఉన్న వస్తువులోకి పాకుతాయి. శుభ్రమైన కేబుల్‌ను పాత పీవీసీ చాపమీద నిల్వ చేసినా చాలు, ముప్పే.

అసలు కష్టం రీసైక్లింగ్‌లో ఉంది. పాత టీవీల వెనుక మూతల్లో మంటను అడ్డుకునే బ్రోమిన్ రసాయనం బరువులో 10 శాతం దాకా ఉండొచ్చు. ఈ రకం రసాయనాల్లో నిషిద్ధమైన వాటికీ పరిమితి 0.1 శాతమే. అలాంటి కిలో ముక్కలను ఆ స్థాయికి పలుచన చేయాలంటే దాదాపు 100 కిలోల మంచి ప్లాస్టిక్ కావాలి. అలా కలిపేయడాన్ని శుద్ధి అనలేం, విషాన్ని కొత్త వస్తువుల్లోకి పంచడమే అది.

వేరుచేసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. లీటరు నీటికి సుమారు 160 గ్రాముల ఉప్పు కలిపితే సాంద్రత 1.1కి చేరుతుంది. మామూలు ఏబీఎస్, హెచ్‌ఐపీఎస్ రకాల ప్లాస్టిక్ ముక్కలు తేలతాయి, బ్రోమిన్ ఉన్నవి మునుగుతాయి. ముక్కలకు గాలి బుడగలు పట్టుకుంటే మాత్రం మునగాల్సినవీ తేలిపోతాయి. కొద్దిగా డిటర్జెంటు వేసి కలియబెడితే బుడగలు వదులుతాయి. గాజు పీచు కలిపిన ప్లాస్టిక్ బ్రోమిన్ లేకపోయినా మునుగుతుంది. కొంత మంచి సరుకు పోతుంది, ఆ నష్టం భరించదగ్గదే. తేలిన రాశినీ నమూనాలు తీసి బ్రోమిన్ కోసం ఎక్స్‌ఆర్‌ఎఫ్‌తో చూడాలి. ఇక్కడ ఆ యంత్రం బాగా పనికొస్తుంది, ఎందుకంటే బ్రోమినే లేకపోతే నిషిద్ధ బ్రోమిన్ సమ్మేళనాలూ ఉండవు. రీసైకిల్ గుళికలు కొనే తయారీదారు ప్రతి బ్యాచ్‌కూ ఆ బ్రోమిన్ అంకె అడగాలి. ఇవ్వలేని సరుకును గేటు దగ్గరే తిప్పి పంపాలి.